ఆసుపత్రిలో అనుకోని మరణం: పెద్దకర్మ దాకా ఆగకుండా న్యాయ సలహా ఎందుకు తీసుకోవాలి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆసుపత్రికి వెళ్లిన మనిషి అనుకోకుండా చనిపోతే ఆ తరువాత జరిగే క్రమం దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకేలా ఉంటుంది. శవాన్ని వీలైనంత త్వరగా ఊరికి తెచ్చేస్తారు, మర్నాటికల్లా దహనం అయిపోతుంది, పెద్దకర్మ వరకూ ఇంట్లో ఎవరూ మరో మాట ఎత్తరు. ఆ తరువాతే చుట్టాల్లో ఎవరో ఒకరు "అంత చిన్న ఆపరేషన్‌కి మనిషి పోవడమేమిటి, ఒకసారి ప్లీడరుగారిని కలవండి" అంటారు. ప్లీడరు అడిగే మొదటి ప్రశ్న పోస్టుమార్టం జరిగిందా అని, రెండోది చికిత్స వివరాలన్నీ రాసే కేసు షీటు నకలు తీసుకున్నారా అని. రెండింటికీ లేదనే జవాబు వస్తే, ఎంత సమర్థుడైన న్యాయవాదికైనా చేతిలో మిగిలేది కుటుంబం చెప్పే మాట, ఆసుపత్రి చెప్పే మాట మాత్రమే. వైద్యానికి సంబంధించిన వివాదంలో ఆసుపత్రి మాట వెనుక రికార్డు ఉంటుంది. కుటుంబం మాట వెనుక కన్నీళ్లు తప్ప మరేమీ ఉండదు.

అందువల్ల న్యాయ సలహా తీసుకోవలసిన సమయం మరణం జరిగిన రోజే అని నేను గట్టిగా నమ్ముతాను. ఆ రోజు తీసుకునే సలహా కేసు వేయడానికే కానక్కర్లేదు. ఏం జరిగిందో తరువాత తెలుసుకునే దారులు మూసుకుపోకుండా చూసుకోవడమే దాని మొదటి ప్రయోజనం. కేసు వేయాలా వద్దా అన్నది మూడు నెలల తరువాత, మనసు కుదుటపడ్డాక, కాగితాలన్నీ ఒక నిపుణుడికి చూపించాక తేల్చుకోవచ్చు. ఇంట్లో పెద్దలు ఏడుపులో ఉంటారు కనుక ఆ పని చదువుకున్న మేనల్లుడో, పక్కింటి ఉపాధ్యాయుడో, నమ్మకమైన మరొకరో భుజాన వేసుకోవాలి.

పోస్టుమార్టం: అన్నిటికన్నా కష్టమైన నిర్ణయం

"పోయిన మనిషిని మళ్లీ కోయించడమా" అన్న మాట మన ఊళ్లలో ఎప్పుడూ వినిపించేదే. ఆ బాధను తేలిగ్గా తీసుకోకూడదు. అయితే దాని పర్యవసానం కూడా కుటుంబానికి ముందే తెలియాలి. మృతదేహం దహనమయ్యాక మరణానికి అసలు కారణం ఏమిటన్న ప్రశ్నకు ఆసుపత్రి రాసిన కాగితమే చివరి జవాబు అవుతుంది. ఆ కాగితంలో చాలాసార్లు "గుండె, శ్వాస ఆగిపోవడం వల్ల" అని మాత్రమే ఉంటుంది. ఏ కారణంతో చనిపోయినవారికైనా గుండె, శ్వాస ఆగిపోతాయి. అది మరణం సంభవించిన తీరే కాని కారణం కాదు. రక్తస్రావమా, మత్తుమందు వికటించడమా, ఇన్ఫెక్షన్ ముదరడమా, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడడమా అన్నది శరీరాన్ని పరీక్షిస్తేనే తేలుతుంది.

వైద్యంపై అనుమానం ఉన్నప్పుడు పోస్టుమార్టం పోలీసుల ద్వారా జరగాలి. ఆసుపత్రి ఏ పోలీస్ స్టేషన్ పరిధిలో ఉందో అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే, భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194వ సెక్షన్ కింద శవపంచనామా జరిపి, మృతదేహాన్ని ప్రభుత్వ వైద్యుల పరీక్షకు పంపుతారు. ఈ ఫిర్యాదు రాసే తీరు చాలా ముఖ్యం. "డాక్టర్లు చంపేశారు" అన్న వాక్యం ఆవేశాన్ని చెబుతుంది కాని దర్యాప్తుకు దారి చూపదు. ఏ సమయానికి చేర్చారు, అప్పుడు రోగి ఎలా ఉన్నారు, ఏ ఇంజెక్షన్ తరువాత పరిస్థితి మారింది, ఎవరిని ఎన్నిసార్లు పిలిచారు, వైద్యుడు ఎంతసేపటికి వచ్చారు అన్న విషయాలు గంటల వారీగా రాయాలి. మొదటి రోజు ప్లీడరు సహాయం అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చేది ఇక్కడే, ఎందుకంటే ఆ తొలి ఫిర్యాదులో లేని విషయాన్ని ఆర్నెల్ల తరువాత చెబితే అది కొత్తగా కల్పించిన మాట అని అవతలి పక్షం వాదిస్తుంది.

అదే ఫిర్యాదులో మరికొన్ని అభ్యర్థనలు చేర్చుకోవచ్చు: పోస్టుమార్టాన్ని వీడియో తీయాలని, ఒక్క వైద్యుడితో కాక బృందంతో చేయించాలని, ఒరిజినల్ కేసు షీటును పోలీసులు వెంటనే స్వాధీనం చేసుకొని దాన్ని పరీక్ష చేసే వైద్యులకు చూపించాలని, ఆసుపత్రి సీసీ కెమెరాల దృశ్యాలను చెరిగిపోకముందే భద్రపరచాలని. మరణం శ్రీకాకుళం రిమ్స్‌లోనో విజయనగరం మహారాజా ఆసుపత్రిలోనో జరిగి ఉంటే, పోస్టుమార్టం మాత్రం బయటి వైద్యులతో, ఉదాహరణకు విశాఖలోని ఆంధ్ర మెడికల్ కళాశాల ఫోరెన్సిక్ విభాగం వారితో చేయించమని కోరడం సమంజసం. ఇవన్నీ కోరికలే, అధికారులు అన్నింటికీ ఒప్పుకోకపోవచ్చు. కాని కోరినట్టు కాగితం మీద ఉండాలి. అవయవ భాగాలను రసాయన పరీక్షకు, కణజాల పరీక్షకు పంపినప్పుడు తుది అభిప్రాయం రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ ఆలస్యాన్ని చూసి కేసు మూసేశారని అనుకోకూడదు.

ప్రతి మరణానికీ పోస్టుమార్టం అవసరమని నేను అనను. ఏళ్ల తరబడి గుండె జబ్బుతో బాధపడుతున్న పెద్దావిడ, వైద్యులు ముందే హెచ్చరించిన స్థితిలో కన్నుమూసినప్పుడు ఆ కుటుంబాన్ని ఆ బాధలోకి నెట్టవలసిన పని లేదు. నడుచుకుంటూ వెళ్లిన మనిషి, చిన్న శస్త్రచికిత్సలోనో, మత్తు ఇచ్చిన వెంటనేనో, ఇంజెక్షన్ వేసిన నిమిషాల్లోనో, రక్తం ఎక్కిస్తుండగానో, ప్రసవం తరువాతనో చనిపోతే మాత్రం, ఎంత కష్టమైనా చేయించడమే మంచిదని నా అభిప్రాయం. ఖననం చేసే కుటుంబాల్లో అయితే తరువాత కూడా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మృతదేహాన్ని వెలికితీసి పరీక్షించే వీలు ఉంటుంది. దహనం తరువాత ఆ వీలు లేదు.

బిల్లు పూర్తిగా కట్టేదాకా మృతదేహాన్ని ఇవ్వబోమని కొన్ని ప్రైవేటు ఆసుపత్రులు అంటాయి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రం దీన్ని స్పష్టంగా తప్పుపట్టింది. అలాంటి పరిస్థితిలో పోలీసులను, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారిని సంప్రదించాలి.

కాగితాలు ఎక్కడెక్కడ ఉంటాయి

భారత వైద్య మండలి 2002లో చేసిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం, ఇన్‌పేషెంట్ల రికార్డులను వైద్యం మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు భద్రపరచాలి. రోగి గాని, రోగి తరఫున అధికారం ఉన్నవారు గాని అడిగితే 72 గంటల్లోగా నకళ్లు ఇవ్వాలి. నోటితో అడిగితే "రేపు రండి" అనే జవాబు వస్తుంది. అందుకే దరఖాస్తు రెండు ప్రతులుగా రాసి, ఒకదానిపై ఆసుపత్రి ముద్రతో అందినట్టు సంతకం తీసుకోవాలి, లేదా రిజిస్టరు పోస్టులో పంపాలి. డిశ్చార్జి సమ్మరీ, డెత్ సమ్మరీ ఇచ్చి సరిపెడితే ఒప్పుకోకూడదు. అవి జరిగినదంతా అయ్యాక రాసిన సారాంశాలు. వైద్యులు రోజువారీగా రాసిన నోట్సు, నర్సుల చార్టు, మందులు ఇచ్చిన సమయాల పట్టిక, ఆపరేషన్ నోట్సు, మత్తుమందు రికార్డు, రక్తం ఎక్కించిన వివరాలు, స్కానింగుల ఫిల్ములు, అంగీకార పత్రాలు అన్నీ పేరు పేరునా అడగాలి. మందుల దుకాణం రశీదులను కూడా పారేయకూడదు. ఏ మందు ఏ సమయంలో తెప్పించారో ఆ రశీదు చెబుతుంది, కేసు షీటులో రాసిన సమయంతో అది సరిపోకపోతే ఆ తేడాయే తరువాత పెద్ద సాక్ష్యం అవుతుంది.

మరణ కారణాన్ని తెలిపే ధ్రువపత్రం నకలు ఇవ్వడం ఇప్పుడు ఆసుపత్రి దయ మీద ఆధారపడి లేదు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా ఆ పత్రాన్ని రిజిస్ట్రారుకు పంపి, ఒక ప్రతిని దగ్గరి బంధువుకు ఇవ్వాలి.

ఆరోగ్యశ్రీ కింద, అంటే ఇప్పటి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరినవారి విషయంలో చాలామందికి తట్టని ఒక సౌకర్యం ఉంది. ఆసుపత్రి తన డబ్బు రాబట్టుకోవడానికి రోగి వివరాలను, పరీక్షల ఫలితాలను, చికిత్స నోట్సును ఆ పథకాన్ని నడిపే ట్రస్టుకు ఆన్‌లైన్‌లో పంపుతుంది. అంటే ఆసుపత్రి బీరువా బయట ఆ రికార్డుకు మరో ప్రతి ఉంటుంది. ట్రస్టు ప్రభుత్వ సంస్థ కనుక సమాచార హక్కు చట్టం కింద దాన్ని కోరవచ్చు. ప్రభుత్వాసుపత్రుల రికార్డులకూ అదే చట్టం పనికివస్తుంది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ప్రసవ సమయంలోనో ఆ తరువాతి రోజుల్లోనో తల్లి మరణిస్తే ప్రభుత్వం తప్పనిసరిగా సమీక్ష జరుపుతుంది. ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం ఇంటికి వచ్చి ఏం జరిగిందని అడిగి రాసుకుంటారు, జిల్లా స్థాయిలో కూడా సమీక్ష ఉంటుంది. వివరాలు అడిగినప్పుడు "ఏముందమ్మా, రాత అంతే" అని ఊరుకోకుండా, ఎక్కడ ఎంతసేపు ఆలస్యమైందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఆ సమీక్ష ఎవరినీ శిక్షించడానికి పెట్టింది కాదు గాని, తరువాత వెళ్లే తల్లికైనా అది ఉపయోగపడుతుంది.

వీటితో పాటు కుటుంబం తానుగా తయారు చేసుకోవలసిన కాగితం ఒకటి ఉంది. ఆసుపత్రిలో ఉన్న ప్రతి ఒక్కరూ, ఒకరితో ఒకరు చర్చించుకోకుండా, తాము చూసింది విన్నది సమయాలతో సహా విడివిడిగా రాసి సంతకం, తేదీ పెట్టాలి. ఫోన్ కాల్ వివరాలు, వాట్సాప్‌లో పంపుకున్న సందేశాలు, ఫోటోలు ఉన్న ఫోన్‌ను అమ్మేయకూడదు, ఖాళీ చేయకూడదు. కోర్టులో ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి మూల పరికరం, దానికి సంబంధించిన ధ్రువీకరణ కావాలి.

మరణం వేరు, నిర్లక్ష్యం వేరు

మంచి న్యాయవాది కాగితాలు చూశాక కేసు లేదని కూడా చెప్పగలడు. ఆ మాట వినడానికి కుటుంబం సిద్ధంగా ఉండాలి. వైద్యంలో ఫలితం రాకపోవడం, రోగి చనిపోవడం వాటంతట అవే నిర్లక్ష్యం కావని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. 2021లో హరీష్ కుమార్ ఖురానా కేసులో, ఆపరేషన్ బల్ల మీద జరిగిన ప్రతి మరణాన్నీ వైద్య నిర్లక్ష్యంగా భావించలేమని మరోసారి స్పష్టం చేసింది. అదే రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న వైద్యుడు ఆ పరిస్థితిలో ఏం చేసేవాడు అన్నదే కొలమానం. రెండు అంగీకృత పద్ధతుల్లో ఒకదాన్ని ఎంచుకున్నందుకు వైద్యుడిని తప్పుపట్టరు.

దీనికి మన ప్రాంతంలో తరచు ఎదురయ్యే పాముకాటును ఉదాహరణగా తీసుకుందాం. పొలంలో కాటు పడిన రైతును దగ్గరి ప్రభుత్వాసుపత్రికి తెచ్చారు, కళ్లు మూతలు పడుతున్నాయి, మాట ముద్దగా వస్తోంది, అయినా అక్కడ విరుగుడు మందు వేయకుండా శ్రీకాకుళం తీసుకుపొమ్మన్నారు, దారిలో ప్రాణం పోయింది అనుకుందాం. లక్షణాలు అంత స్పష్టంగా ఉన్నప్పుడు విరుగుడు మందు తొలి మోతాదు వేసి, తరువాత పంపడం అంగీకృత పద్ధతి. కాబట్టి తేలవలసిన ప్రశ్నలు ఇవి: ఆ రోజు ఆసుపత్రిలో మందు నిల్వ ఉందా, ఉంటే ఎందుకు వేయలేదు, లేకపోతే ఎప్పటి నుంచి లేదు, తెప్పించమని ఎవరికి రాశారు? వీటికి జవాబు స్టాకు రిజిస్టరులో, ఓపీ రిజిస్టరులో ఉంటుంది. మందు ఉండీ వేయకపోతే అది వైద్యుడి కర్తవ్య లోపం. మందే లేకపోతే బాధ్యత వ్యవస్థది, అప్పుడు నడవవలసిన దారి కూడా మారుతుంది. అదే రైతును కాటు పడ్డాక నాటు వైద్యం చేయిస్తూ నాలుగు గంటలు ఇంటి దగ్గరే ఉంచేసి ఉంటే, మందు వేసినా బతికేవాడా అన్న ప్రశ్న వస్తుంది. చట్టం దృష్టిలో లోపం ఒక్కటే చాలదు, ఆ లోపం వల్లనే ప్రాణం పోయిందని కూడా చూపాలి. చాలా కేసులు ఓడిపోయేది ఈ రెండో మెట్టు మీదే.

ఈ మెట్టు దగ్గర నిపుణుడి అభిప్రాయం కావాలి. స్థానిక వైద్యులు తోటి వైద్యుడికి వ్యతిరేకంగా రాతపూర్వకంగా చెప్పడానికి సాధారణంగా ముందుకు రారు, వారిని తప్పుపట్టడం కన్నా కాగితాలను వేరే జిల్లాలోనో రాష్ట్రంలోనో ఉన్న ప్రొఫెసరుకు చూపించడం నయం. అయితే ప్రతి కేసులోనూ నిపుణుడు తప్పనిసరి కాదు. హైదరాబాద్‌కు చెందిన వి. కిషన్‌రావు కేసులో ఆయన భార్యకు మలేరియా ఉండగా టైఫాయిడ్‌కు చికిత్స చేశారు, ఆమె మరణించారు. తప్పు అంత కళ్లకు కడుతున్నప్పుడు నిపుణుడి సాక్ష్యం అవసరం లేదని 2010లో సుప్రీంకోర్టు చెప్పి, జిల్లా వినియోగదారుల ఫోరం ఇచ్చిన పరిహారాన్ని నిలబెట్టింది.

మరో అపోహను తొలగించాలి. "ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టేశాం, ఇంక అడగడానికి ఏముంది" అని ఎంతోమంది వెనక్కి తగ్గుతారు. ఆ సంతకం చికిత్సకు, అందులో సహజంగా ఉండే ప్రమాదాలకు ఇచ్చిన అంగీకారం. నిర్లక్ష్యానికి ఇచ్చిన అనుమతి కాదు. పైగా ఆ ప్రమాదాలేమిటో, వేరే మార్గాలేమున్నాయో రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకుంటేనే అది చెల్లుతుందని 2008లో సమీరా కోహ్లీ కేసు స్థిరపరిచింది. ఇంగ్లీషులో అచ్చయిన ఫారం మీద, చదువురాని తల్లి చేత వేలిముద్ర వేయించినప్పుడు ఈ ప్రశ్న తప్పకుండా వేయాలి. అలాగే పరిస్థితి విషమించాక "మా ఇష్టప్రకారమే తీసుకువెళ్తున్నాం" అని రాయించుకొని విశాఖ పంపేసిన సందర్భాల్లో, రోగి దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణంలో చనిపోతే, ఆ కాగితం ఆసుపత్రికి పూర్తి రక్షణ ఏమీ కాదు. అలా రాయించడానికి ముందు ఏం జరిగిందన్నది అప్పటికీ విచారించదగ్గ విషయమే.

ఏ దారిలో వెళ్లాలి

కుటుంబానికి ఏం కావాలన్నదాన్ని బట్టి దారి మారుతుంది. పరిహారం, దానితో పాటు జరిగిన దానికి ఒక తీర్పు కావాలనుకునేవారికి వినియోగదారుల కమిషన్ అందుబాటులో ఉన్న మార్గం. వి.పి. శాంత కేసులో 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో వైద్యం వినియోగదారుల చట్టం కింద "సేవ" అయింది. 2019లో వచ్చిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టంలో వైద్యం అన్న మాట విడిగా లేదు కనుక అది వర్తించదన్న వాదన వచ్చింది గాని, న్యాయస్థానాలు ఒప్పుకోలేదు. రోగి మరణిస్తే వారసులు ఫిర్యాదుదారులు కావచ్చు. శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి, ఆసుపత్రికి చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదు అక్కడే వేయాలి. చెల్లించింది 5 లక్షల లోపు అయితే ఫీజు ఏమీ లేదు.

ఉత్తరాంధ్ర వారికి 2019 చట్టం చేసిన గొప్ప మేలు మరొకటి. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఇచ్ఛాపురం, కవిటి వైపు వారు వైద్యానికి బరంపురం వెళ్తారు, మిగతావారు విశాఖ వెళ్తారు, వలస వెళ్లినవారు చెన్నైలోనో హైదరాబాద్‌లోనో ఆసుపత్రి పాలవుతారు. వీరి కుటుంబాలు ఇప్పుడు ఆ ఊళ్ల చుట్టూ తిరగనక్కర్లేదు, శ్రీకాకుళంలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. వైద్యం చేసిన ప్రతి డాక్టరు పేరూ తెలియకపోయినా ఆసుపత్రిపై కేసు నిలుస్తుందని 2004లో సవితా గార్గ్ కేసులో తేలింది. ఆ డాక్టర్లను, రికార్డులను తెచ్చి తన తప్పు లేదని చూపించుకోవలసిన భారం ఆసుపత్రి మీద పడుతుంది.

ప్రభుత్వాసుపత్రి విషయంలో చిక్కు ఉంది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు, ఓపీ చీటీకి కట్టిన నామమాత్రపు రుసుము దాన్ని మార్చదు. కొందరి దగ్గర డబ్బు తీసుకొని కొందరికి ఉచితంగా చేసే చోట మాత్రం ఉచితంగా చేయించుకున్నవారు కూడా వినియోగదారులే. ఈ సూత్రమే ప్రైవేటు ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ కింద చేరినవారికీ అండగా నిలుస్తుంది. పూర్తిగా ఉచితమైన ప్రభుత్వాసుపత్రి మీద పరిహారానికి సివిల్ దావా గాని, హైకోర్టులో రిట్ పిటిషను గాని వేయాలి. దావాకు ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో శస్త్రచికిత్స చేసి కడుపులో గుడ్డ వదిలేయడంతో మరణించిన మహిళ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని బాధ్యురాలిని చేసింది. ఆ తీర్పు వచ్చింది 1996లో. బాధ్యత ఉందన్న సంగతితో పాటు ఎంత కాలం పట్టగలదో కూడా ఆ కేసు చెబుతోంది.

క్రిమినల్ కేసు గురించి కుటుంబాలకు ఉన్న ఆశ, వాస్తవం మధ్య దూరం చాలా ఎక్కువ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106వ సెక్షన్ కింద, వైద్య ప్రక్రియ చేస్తుండగా నిర్లక్ష్యం వల్ల మరణానికి కారణమైన రిజిస్టరైన వైద్యుడికి 2 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. ఊళ్లో సూదులు వేసే అర్హత లేనివారికి ఆ తగ్గింపు లేదు, వారికి 5 ఏళ్ల వరకు పడవచ్చు. అయితే 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, క్రిమినల్ శిక్షకు నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని, పోలీసులు ముందు స్వతంత్ర వైద్య నిపుణుడి అభిప్రాయం తీసుకోవాలని, మామూలుగా అరెస్టు చేయకూడదని చెప్పింది. కోర్టులో నేరుగా ఫిర్యాదు వేయాలన్నా మరో సమర్థుడైన వైద్యుడి నమ్మదగిన అభిప్రాయం జతచేయాలి. స్పష్టంగా ఘోరమైన తప్పు జరిగిన చోట ఈ దారిలో తప్పక వెళ్లాలి. డాక్టరు మీద ఒత్తిడి పెట్టి డబ్బు తెప్పించుకోవడానికి మాత్రమే క్రిమినల్ కేసు పెట్టించమనే సలహా ఇచ్చేవారిని నమ్మవద్దని నేను చెబుతాను.

వైద్యుడి మీద వృత్తిపరమైన చర్య కావాలంటే ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి ఫిర్యాదు చేయాలి. అక్కడ పరిహారం రాదు, రిజిస్ట్రేషన్ సస్పెండ్ చేసే అధికారం ఉంటుంది. ఆసుపత్రిలో వసతులు, అనుమతులు లేకపోతే ఫిర్యాదు జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి వెళ్లాలి.

గేటు దగ్గర జరిగే రాజీ

మరణం జరిగిన కొద్ది గంటల్లోనే పెద్దమనుషులు వచ్చి, ఆసుపత్రితో మాట్లాడి, కొంత సొమ్ము ఇప్పించి, "ఇకపై ఏ అభ్యంతరమూ లేదు" అన్న కాగితం మీద సంతకాలు తీసుకోవడం మన దగ్గర చూస్తూనే ఉన్నాం. అప్పులు చేసి వైద్యం చేయించిన పేద కుటుంబం ఆ డబ్బు తీసుకుంటే దానిలో నేను తప్పు పట్టను. కాని ఆ కాగితాన్ని ముందు ఒక ప్లీడరుకు చదివి వినిపించాలి. పోస్టుమార్టం వద్దని, రికార్డులు అడగబోమని అందులో రాసి ఉంటే, ఇస్తున్న సొమ్ము దేనికోసమో అర్థమవుతుంది. నిర్లక్ష్యం వల్ల మరణం అన్న నేరం చట్టప్రకారం రాజీ పడదగినది కాదు కనుక, ఆ కాగితం పోలీసు కేసును దానంతటదే ముగించలేదు; పరిహారం కేసులో మాత్రం ఆసుపత్రి దాన్నే మొదటి ఆయుధంగా తీస్తుంది.

ఆసుపత్రి అద్దాలు పగలగొట్టడం, వైద్యుల మీద చేయి చేసుకోవడం ఎంత దుఃఖంలోనూ చేయకూడనివి. అవతల ఉన్నవారూ మనుషులే, ఆ రాత్రి వారి చేతిలో మరికొన్ని ప్రాణాలు ఉంటాయి. చట్టం కూడా కఠినంగానే ఉంది. వైద్య సిబ్బందిపై దాడుల నివారణకు 2008లో రాష్ట్రం చేసిన చట్టం కింద అది బెయిలు దొరకని నేరం, 3 ఏళ్ల వరకు జైలు. బాధితులుగా వెళ్లిన కుటుంబం నిందితులుగా తిరిగి రావలసి వస్తుంది, అసలు ప్రశ్న పక్కకు పోతుంది.

ప్లీడరును ఎంచుకోవడం, ఖర్చులు, గడువు

జిల్లా కోర్టు ఆవరణలో పేరున్న ప్లీడర్లందరికీ వైద్య కేసుల్లో అనుభవం ఉండదు. భూమి తగాదాల్లో దిట్ట అయిన పెద్ద ప్లీడరు కన్నా, వినియోగదారుల కమిషన్‌లో రెండు మూడు వైద్య కేసులు నడిపిన చిన్నవాడు నయం. మొదటి సమావేశంలోనే, కేసు బలం ఎంత, బలహీనత ఎక్కడ, ఎవరి అభిప్రాయం కావాలి, ఎంత ఖర్చవుతుంది, ఎంత కాలం పట్టవచ్చు అని అడగాలి. బలహీనత ఏమీ లేదని చెప్పే ప్లీడరు కాగితాలు సరిగా చదవలేదని అర్థం. "గెలిస్తే వచ్చినదానిలో ఇంత వాటా" అన్న ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధిస్తున్నాయి; ఫీజు ఎంతో ముందే తేల్చుకొని, కట్టినదానికి రశీదు తీసుకోవాలి. ఒరిజినల్ కాగితాలు ఎవరికీ వదిలేయకూడదు, నకళ్లు ఇస్తే చాలు.

ఫీజు భరించలేనివారు రెండు జిల్లా కేంద్రాల్లోనూ ఉన్న జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. భర్త పోయిన స్త్రీ, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఈ హక్కుతోనే అక్కడికి వెళ్లగలరు, ఎవరి సిఫారసూ అక్కర్లేదు. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఆసుపత్రి సేవలు ప్రజోపయోగ సేవల కిందికి వస్తాయి కనుక శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లే వీలు గురించి కూడా అక్కడే అడగాలి. కోటి రూపాయల వరకు అది వినగలదు, రాజీ కుదరకపోతే తానే తీర్పు చెప్పగలదు, కోర్టు ఫీజు లేదు. దానిలో వేశాక అదే వివాదంపై వేరే కోర్టుకు వెళ్లడం కుదరదు కనుక, వేసే ముందే ఆలోచించుకోవాలి.

పరిహారం గురించి పత్రికల్లో వచ్చిన పెద్ద అంకెలను ప్రమాణంగా పెట్టుకోకూడదు. కునాల్ సాహా కేసులో సుప్రీంకోర్టు 2013లో వడ్డీ కాక దాదాపు 6 కోట్ల రూపాయలు ఇప్పించిన మాట నిజమే. ఆయన భార్య మరణించింది 1998లో, ఆయన స్వయంగా వైద్యుడు, 15 ఏళ్లు పోరాడారు. సాధారణ కేసుల్లో మృతుల వయసు, సంపాదన, వారిపై ఆధారపడినవారి సంఖ్య చూసి మొత్తం నిర్ణయిస్తారు. అందుకని జీతం కాగితాలు, పొలం పాసుపుస్తకం, ఉపాధి హామీ జాబ్ కార్డు, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం వంటివి ముందే పోగుచేసుకోవాలి. ఇంటి పని, పొలం పని చేసిన ఇల్లాలికి సంపాదన కాగితం ఉండదు, ఆమె చేసిన పనికి విలువ లేదని మాత్రం ఏ కోర్టూ అనదు. ఆ పనులేమిటో ఫిర్యాదులో వివరంగా రాయాలి.

వినియోగదారుల కమిషన్‌కు గడువు 2 ఏళ్లు, మరణానికి పరిహారం కోరే సివిల్ దావాకూ మరణించిన నాటి నుంచి 2 ఏళ్లే. కమిషన్ తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించగలదు, కాని ఆ కారణాన్ని రాతపూర్వకంగా చూపాలి, ఆసుపత్రి దాన్ని తప్పక ఎదిరిస్తుంది. పోలీసుల తుది నివేదిక కోసమో, వైద్య మండలి నిర్ణయం కోసమో ఎదురుచూస్తూ ఈ గడువు దాటించుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఆ విచారణలు నడుస్తుండగానే కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి చట్టంలో ఏ అడ్డూ లేదు, నివేదికలు వచ్చాక వాటిని తరువాత జతచేసుకోవచ్చు.